తడి తడిదే, పొడి పొడిదే

తెల్లారి లేస్తాం. చలికి వణుకుతూ ఉంటాం. రాత్రి విప్పి పడేసిన తడి సాక్సులు మళ్ళీ కాళ్ళకి ఎక్కించుకోవాలి. ఇంతకంటే చికాకైన పని ఇంకోటుందా అంటే నాకైతే తోచడం లేదు. పక్కనే సంచిలో పొడి సాక్సులు ఉంటాయి. మెత్తగా, వెచ్చగా ఉంటాయి. అయినా వాటిని ముట్టుకోకూడదు. తడివే వేసుకోవాలి. ఎందుకు? ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ‘ఎందుకు’ గురించే.

వానాకాలంలో కొండల్లోకి వెళ్ళి, ఒక్కళ్ళమే టెంటు వేసుకుని, ఒక రాత్రో రెండు రాత్రులో గడపడం. అదీ మన విషయం. ‘వానలో టెంటేమిటి, అదీ ఒంటరిగా! ఇంట్లో పకోడీలు తింటూ కూర్చోక’ అని మీలో కొందరు ఈపాటికే అనుకుంటూ ఉంటారు. అనుకోండి, తప్పులేదు. మా ఇంట్లోనూ అదే మాట. కానీ ఈమధ్య చాలామంది టెంటు కొనుక్కుని బయలుదేరుతున్నారు. చదువుకునే కుర్రాళ్ళు, ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు, రిటైరైన పెద్దవాళ్ళు కూడా వెళ్తున్నారు. అరకు, లంబసింగి, వంజంగి అంటున్నారు. హైదరాబాదు వాళ్ళయితే వికారాబాద్ దగ్గర అనంతగిరి అంటున్నారు. అరకు దారిలో కూడా ఒక అనంతగిరి ఉంది. రెండూ కొండలే, రెండు చోట్లా వానే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు. ఆ తర్వాత అక్టోబరు నుంచి కోస్తాకి, రాయలసీమకి ఈశాన్య రుతుపవనాలు. వాన పడని క్యాంపే కావాలంటే ఏడాదిలో సగం ఇంట్లోనే పోతుంది. పైగా మన్యం చూడాల్సింది వానల్లోనే. పుష్యమి కార్తె, అంటే జులై నెలాఖరు. అప్పుడు అనంతగిరి ఘాట్ ఎక్కి చూడండి. కాఫీ తోటల మీద సిల్వర్ ఓక్ చెట్లు సగం దాకే కనిపిస్తాయి. మిగతా సగం మబ్బులో ఉంటుంది.

సరే, అసలు మాటకొద్దాం. వానలో టెంటు వేసుకున్నవాళ్ళు చాలామంది ఒక్క చోటే ఓడిపోతారు. అన్నీ పొడిగా ఉంచాలని చూస్తారు. బూట్లు తడవకూడదు, ప్యాంటు తడవకూడదు, సంచి తడవకూడదు. గంటసేపు అటూ ఇటూ పరుగెత్తుతారు. చివరికి అన్నీ సగం సగం తడుస్తాయి. రాత్రి పడుకోబోయేసరికి పూర్తిగా పొడిగా ఉన్న వస్తువు ఒక్కటీ మిగలదు. అప్పుడు చలి మొదలవుతుంది. చలితో పాటు ఏడుపూ మొదలవుతుంది.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. అన్నిటినీ కాపాడాలని చూడకండి. ఏవి పొడిగా ఉండి తీరాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. అవి కొన్నే ఉండాలి. వాటిని ప్రాణం పెట్టి కాపాడండి. మిగతావి తడిస్తే తడవనివ్వండి. తడి తడిదే, పొడి పొడిదే. రెండూ కలవకూడదు.

పాతకాలం ఇళ్ళల్లో మడి బట్ట ఉండేది, గుర్తుందా? మామ్మగారు దాన్ని ఎత్తుగా కట్టిన దండెం మీద కర్రతో ఆరేసేది. మళ్ళీ కర్రతోనే తీసేది. పిల్లలు ఆ చుట్టుపక్కలకి వెళ్తే చాలు, ‘ముట్టుకోకురా!’ అని వంటింట్లోంచి కేక వినిపించేది. ఆ ఆచారం వెనకున్న అంటుముట్టుల సంగతి మనకొద్దు. అది పోవడమే మంచిదయింది. ఆ కట్టుదిట్టం మాత్రం తీసుకుందాం. వానలో మీ పొడి బట్టల జత మడి బట్ట. తడి చేత్తో దాన్ని ముట్టుకోకూడదు. తడి బట్టతో దాని పక్కకి పోకూడదు. ఎవరూ కేకలేసేవాళ్ళు ఉండరు కాబట్టి మీకు మీరే మామ్మగారు.

ఇంతకీ ఆ జతలో ఏముండాలి? నిండు చేతుల చొక్కా ఒకటి. ప్యాంటు ఒకటి. మందంగా ఉన్న సాక్సులు. ఒక మంకీ క్యాప్. కప్పుకునే దుప్పటో స్లీపింగ్ బ్యాగో. వీటితో పాటు ఫోను, దాని పవర్ బ్యాంకు, టార్చి, మందులు, అగ్గిపెట్టె. అంతే. ఇంకో చొక్కా పెడదామా, ఇంకో తువ్వాలు పెడదామా అని మొదలుపెడితే మూట పెద్దదవుతుంది. పెద్ద మూటని వానలో కాపాడలేం.

వీటిని ఎలా కట్టాలి? సంచికి పైన తొడిగే రెయిన్ కవర్ ఉంటుంది కదా. దాన్ని నమ్ముకోకండి. వీపుకి ఆనే వైపు అది ఉండదు. మీ మెడ మీంచి కారిన నీళ్ళు తిన్నగా అటే దిగుతాయి. అందుకని ప్లాస్టిక్ సంచి లోపల ఉండాలి. చెత్త కోసం అమ్మే పెద్ద నల్ల కవరు ఉంటుంది చూడండి, మందంగా ఉన్నది ఒకటి తీసుకోండి. సంచిలోకి దించి, దాని మూతి బయటికి పరచండి. పొడివన్నీ అందులో పెట్టండి. గాలి పోయేలా నొక్కండి. మూతిని మెలితిప్పి, ఆ మెలికని వెనక్కి మడిచి, రబ్బరు బ్యాండుతో బిగించండి. ఊరికే ముడేస్తే చాలదు. మడిచి బిగించాలి. ఇక బయటి సంచి నానిపోయినా మీకు దిగుల్లేదు.

బట్టల గురించి ఒక మాట. నూలు బట్ట ఎండాకాలానికి దేవుడిచ్చిన వరం. వానలో మాత్రం పగవాడు. నీళ్ళు పీల్చుకుంటుంది, బరువెక్కుతుంది, ఆరనే ఆరదు. ఒంట్లో వేడిని గాలికన్నా నీళ్ళు పాతిక రెట్ల దాకా వేగంగా లాగేస్తాయి. అందుకే ఇరవై డిగ్రీల దగ్గర కూడా తడి జీన్సు వేసుకుని గాలిలో నిలబడితే పళ్ళు కొట్టుకుంటాయి. నడిచేటప్పుడు తడవడానికి సిద్ధపడే జత ఒకటుంటుంది కదా, దానికి ఆటలాడుకునేవాళ్ళ పాలియెస్టర్ బట్ట మంచిది. పిండి వేసుకోవచ్చు.

ఉన్ని సంగతి వేరు. అది తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. తెలంగాణలో కురుమలు, రాయలసీమలో కురుబలు నేసే గొంగడి చూడండి. దక్కనీ గొర్రెల బొచ్చు. గొర్రెల కాపరి దాన్ని తల మీంచి కొప్పెరగా కప్పుకుని వానంతా మంద వెనకాలే తిరుగుతాడు. రాత్రికి అదే పరుపు, అదే దుప్పటి. కొండ వానలో ఏం వేసుకోవాలో ఆయన్ని అడిగితే చాలు. దుకాణంలో వేల రూపాయల జాకెట్లు తర్వాత చూసుకోవచ్చు. కాకపోతే గొంగడి బరువు. వీపు మీద మోయాలంటే ఆలోచించుకోండి.

ఇప్పుడు చోటు. ఇది నిదానంగా వినండి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే పొడి బట్టలు కూడా కాపాడలేవు.

వాగు ఒడ్డున టెంటు వేయకండి. వాగు మధ్యలో ఎండిన ఇసుక మేట మీద అసలే వద్దు. అక్కడ చదునుగా ఉంటుంది, అందంగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. కానీ ఒక్కసారి చుట్టూ ఉన్న పొదలు చూడండి. కొమ్మలకి ఎండుగడ్డి, చెత్త, ప్లాస్టిక్ పీలికలు చుట్టుకుని ఉంటాయి. మీ నడుం ఎత్తులోనో, తల ఎత్తులోనో. ఎవరో తెచ్చి కట్టినవి కావవి. వాగు అంత ఎత్తున వచ్చిందని అవి చెబుతున్నాయి. అరకు వైపు ఒక పెద్దాయన నాతో ఇదే అన్నాడు. ‘ఇక్కడ వాన లేదని చూడకండి బాబూ. పైన కొండలో కురిస్తే చాలు, ఇక్కడికి వచ్చేస్తాది.’

2023 జులై 26 గుర్తుచేసుకోండి. ములుగు జిల్లా వెంకటాపురం మండలంలో ముత్యాలధార జలపాతం ఉంది. చూడటానికి వెళ్ళిన పర్యాటకులు దాదాపు 80 మంది అడవిలో చిక్కుకుపోయారు. వెళ్ళేటప్పుడు దాటిన వాగే వచ్చేటప్పుడు దాటనివ్వలేదు. జాతీయ విపత్తు స్పందన దళం వాళ్ళు వెళ్ళి బయటికి తీసుకురావాల్సి వచ్చింది. ఆ మర్నాడు పొద్దుటికి అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన నమోదైంది.

మిల్లీమీటర్లంటే మనకి అంతుపట్టదు. ఇలా లెక్కవేయండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఒక్కళ్ళు పడుకునే టెంటు సుమారు రెండు చదరపు మీటర్లు. వాతావరణ శాఖ వాళ్ళు ‘భారీ వర్షం’ అన్నారంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటుతుందని. అంటే మీ టెంటు మీదే 130 లీటర్లు. ఆ రోజు లక్ష్మీదేవిపేటలో పడ్డ వాన లెక్కన అయితే 1,300 లీటర్లు. ఇక ఆ కొండంతా పడ్డ నీళ్ళు ఎన్నో, అవి ఎటు పోతాయో మీరే ఊహించుకోండి. పల్లానికే కదా!

కాబట్టి బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక రంగు చూడండి. పసుపు రంగైతే జాగ్రత్త పడుతూ వెళ్ళొచ్చు. ఆరెంజ్ అంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. రెడ్ అంటే ఇక మాటే లేదు. ఇంట్లో పకోడీలే.

చోటు కోసం అడవిలో దూరకండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా టెంటు వేయకూడదు. పులుల అభయారణ్యాలు ఎలాగూ వానాకాలంలో పర్యాటకులకి మూసేస్తారు. ఊరికి దగ్గర్లో, డబ్బులు తీసుకుని టెంటు వేసుకోనిచ్చే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. లేదా ఎవరైనా రైతు పెరడో, కళ్ళమో అడిగి వేసుకోండి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి, అందులోనూ ఆడవాళ్ళకి, కేకేస్తే వినిపించే దూరంలో ఒక ఇల్లు ఉండటం మంచిది. దాంతో మీ ఏకాంతానికి వచ్చే లోటేం లేదు. ఆ ఇంటివాళ్ళు ఒకసారి వచ్చి ‘ఎందుకొచ్చారు, పెళ్ళయిందా’ అని అడిగి వెళ్ళిపోతారు. అంతే.

కాస్త ఎత్తుగా ఉన్న నేల చూసుకోండి. గిన్నెలా పల్లంగా ఉన్న చోట పడుకుంటే అర్ధరాత్రి నీళ్ళలో లేస్తారు. తల పైకెత్తి చూడండి. ఎండిపోయిన కొమ్మ ఉంటే అక్కడ వద్దు. పెద్ద చెట్టు కింద అసలు వద్దు. చెట్టు కింద వాన తక్కువ పడుతుందనుకుంటాం. వాన వెలిశాక కూడా గంటసేపు ఆకుల నుంచి చినుకులు రాలుతూనే ఉంటాయి. లోపల పడుకున్నవాడికి వాన తగ్గలేదనే అనిపిస్తుంది. బయటికి వచ్చి చూస్తే చుక్కలు మెరుస్తూ ఉంటాయి.

టెంటు వేసే ముందు ఒక పని. పైన టార్పాలిన్ కట్టండి. మన రైతులు బరకం అంటారే, అదే. నాలుగు మూలలా తాళ్ళు, ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం. ముందు బరకం కట్టేసి, దాని కింద నిలబడి టెంటు వేసుకోండి. వాన పడుతుండగా ఆరుబయట టెంటు విప్పితే వేసేలోపే లోపల చెరువవుతుంది. మడిచేటప్పుడు ఇదే వరస తిరగేయండి. ముందు టెంటు, చివర్న బరకం.

ఒంటరిగా కట్టేటప్పుడు పట్టుకునేవాళ్ళు ఉండరు. గాలికి బరకం ఎగిరి మొహాన కొడుతుంది. గాలి వచ్చే వైపు మూలలు ముందు కట్టేయండి. ఆ తర్వాత మిగతావి వాటంతటవే మీ మాట వింటాయి. తాడు వెంట నీళ్ళు జారి బరకం కిందికి వస్తుంటే, తాడుకి ఒక జానెడు దారం ముక్క కట్టి కిందికి వేలాడదీయండి. నీటి చుక్క తాడు మీద జారుతూ వస్తుంది. ఆ దారం దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. లావెక్కుతుంది. ఇక లోపలికి రాకుండా దారం పట్టుకుని నేలకి దిగిపోతుంది. ఇది చూస్తూ కూర్చుంటే నాకు పొద్దే తెలియదు.

టెంటు కింద పరిచే పట్టా టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే పై పొర నుంచి జారిన నీళ్ళన్నీ దాని మీద పడి, తిన్నగా మీ వీపు కిందికి చేరతాయి. అంచులు లోపలికి మడిచేయండి.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. పొడికీ తడికీ సరిహద్దు ఈ గుమ్మమే. టెంటు జిప్పు తీసి, వెనక్కి తిరిగి కూర్చోండి. వెనక భాగం మాత్రమే లోపల. కాళ్ళు రెండూ బయటే. అలా కూర్చునే బూట్లు విప్పండి. సాక్సులు విప్పి పిండండి. రెయిన్‌కోటు తీసి బయట బరకం కిందే వదిలేయండి. తడి చొక్కా, తడి ప్యాంటు తీసి, పిండి, ఒక ప్లాస్టిక్ కవర్లో కుక్కండి. ఒక చిన్న తుండు గుమ్మం దగ్గరే ఉంచుకోండి. తల, చేతులు, పాదాలు తుడుచుకోండి. వేళ్ళ మధ్య కూడా. అప్పుడు కాళ్ళు లోపలికి. జిప్పు వేసేయండి. అప్పుడు, అప్పుడే, పొడి మూట విప్పండి.

చెబితే రెండు నిమిషాలు. చేసేటప్పుడు చలికి ఒళ్ళు తొందరపెడుతుంది. ‘ముందు లోపలికి దూరిపోదాం, తర్వాత చూసుకుందాం’ అనిపిస్తుంది. అలా దూరారంటే ఆ రాత్రి పాడయినట్టే. ఇంకోసారి చెబుతాను. తడి తడిదే, పొడి పొడిదే. గుమ్మం దగ్గరే తేలిపోవాలి.

అన్నట్టు, జిప్పు రాత్రంతా మూసే ఉంచండి. వానకి కన్నాల్లోంచి పాములు బయటికి వస్తాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళ పక్కల్లోకి వస్తుంది. బూట్లు తొడుక్కునే ముందు తలకిందులు చేసి దులపండి.

అర్ధరాత్రి లేచి చూస్తే టెంటు గోడ తడిగా ఉంటుంది. ‘అయ్యో, టెంటు కారుతోంది’ అని కంగారు పడతాం. ఒక్కసారి టార్చి వేసి దగ్గరగా చూడండి. కుట్టు వెంట ఒకే గీతలా నీళ్ళు జారుతుంటే, అది కారడమే. అలా కాకుండా గోడంతా ఆవగింజలంత చుక్కలు సమంగా పట్టి ఉంటే, అది వాన కాదు. మీ ఊపిరే. మనం రాత్రంతా వదిలే ఊపిరిలో బోలెడంత ఆవిరి ఉంటుంది. చల్లటి గుడ్డ తగిలేసరికి అది నీరవుతుంది. చలికి భయపడి గాలి కిటికీలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువవుతుంది. రెండు వైపులా కాస్త తెరిచి ఉంచండి. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు నుంచి పోవాలి. పొడి మూటని మాత్రం గోడకి ఆనించకండి.

రాత్రి ఒంటికి పోవాల్సి వస్తే ఏం చేయాలి? నవ్వకండి, నిజంగా వచ్చే ప్రశ్నే. పొడి బట్టలు విప్పేసి, ఒంటి మీద రెయిన్‌కోటు ఒక్కటే వేసుకుని, చెప్పులతో వెళ్ళిరండి. చూసేవాళ్ళెవరూ లేరు. ఒంటరిగా రావడంలో ఉన్న సుఖాల్లో ఇదొకటి.

ఇక తెల్లారింది. ముసురు పట్టి ఉంది. బయటికి వెళ్ళాలి. ఇదిగో, మొదట్లో చెప్పిన సాక్సుల ఘట్టం ఇక్కడే. పొడి జత వేసుకునే బయటికి వెళ్ళిపోదామని ప్రాణం కొట్టుకుంటుంది. వెళ్తే పావుగంటలో అవీ తడుస్తాయి. ఇక రాత్రికి మీ దగ్గర ఏమీ లేదు. తడివే వేసుకోండి. చల్లగా, జిగటగా ఉంటుంది. ఒక ఐదు నిమిషాలు ఓర్చుకోండి. నాలుగడుగులు గబగబా వేస్తే ఒంటి వేడికే అవి గోరువెచ్చనవుతాయి. సాయంత్రం మళ్ళీ గుమ్మం దగ్గర కూర్చుని విప్పేటప్పుడు, లోపల పొడి జత ఉందని గుర్తొచ్చి రోజంతా ఆడుతూ పాడుతూ తడవొచ్చు. భయం లేకుండా తడవడం ఎలా ఉంటుందో చిన్నప్పుడు అందరికీ తెలుసు. పెద్దయ్యాక మనం గొడుగులు కొనుక్కున్నాం.

తిండి విషయానికి వస్తే, వానలో వంట చేద్దామనుకోకండి. వేడి చేసుకుందాం, అంతే. ఇంటి దగ్గరే ఉప్మా రవ్వ వేయించి, అందులో పోపు, జీడిపప్పు, ఎండబెట్టిన కరివేపాకు, ఉప్పు కలిపి డబ్బాలో పోసుకోండి. అక్కడ నీళ్ళు మరిగించి, రవ్వ పోసి కలిపి, మూత పెడితే చాలు. మొదటి రోజుకి పులిహోర తీసుకెళ్ళండి. పాడవదు. చారుపొడి ఒక పొట్లం ఉంటే ఆ రాత్రికి మీరే మహారాజు. వేడి నీళ్ళలో వేసి గ్లాసుతో తాగడమే. బెల్లం, వేరుశనగ గుళ్ళు రాత్రి పడుకునే ముందు నాలుగు నోట్లో వేసుకోండి. తిన్న ఒళ్ళు వెచ్చగా ఉంటుంది.

పొయ్యి ఎప్పుడూ బరకం కిందే. టెంటు లోపల వద్దు. గ్యాసు పొయ్యి అయినా, బొగ్గుల కుంపటి అయినా, టెంటులో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలేస్తుందని కుంపటి లోపలికి తెచ్చుకోవాలనిపిస్తుంది. వద్దు. సీసాలో వేడి నీళ్ళు పోసి, మూత బిగించి, సాక్సు తొడిగి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. బయట మంట వేసుకోవడానికి అనుమతి ఉన్న చోటైతే, రెండు హారతి కర్పూరం బిళ్ళలు దగ్గరుంచుకోండి. చెమ్మలోనూ అంటుకుంటాయి. పుల్లలు పైకి తడిగా ఉన్నా కత్తితో నిలువునా చీలిస్తే లోపల పొడి ఉంటుంది.

వాన ఆగకుండా పట్టుకుంది. బయటికి వెళ్ళలేం. మరి పొద్దు ఎలా గడుస్తుంది? పక్కన మనిషి ఉంటే మాట్లాడుకుంటూ కూర్చుంటాం. లేదా పోట్లాడుకుంటాం. ఒంటరిగా ఉంటే మొదటి రెండు మూడు గంటలు చాలా పొడుగ్గా ఉంటాయి. ఫోను తీయాలనిపిస్తుంది. సిగ్నల్ ఉండదు. అదీ మంచికే. ఒక చిన్న ట్రాన్సిస్టర్ తీసుకెళ్ళండి. రేడియోలో కూర్చుని రేడియో గొప్పలు చెబుతున్నాడనుకోకండి. వార్తల్లో వాన కబురు తెలుస్తుంది, బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది, పక్కన ఒక మనిషి గొంతు ఉంటుంది.

ఆ తర్వాత కాసేపు దాన్నీ కట్టేయండి. బరకం కింద కూర్చుని వానని చూడండి. తుంపర వేరు, జల్లు వేరు, ముసురు వేరు, జడివాన వేరు. పేర్లు మనకి తెలుసు గానీ, ఒకటి ఇంకోటిగా మారడం ఎప్పుడు చూశాం? చినుకు సన్నబడటం, గాలి దిశ మారడం, కప్పలు ఒక్కసారిగా గొంతు ఆపడం. తొలకరి వెంటనే, మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వెళ్తే ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీద పాకుతూ కనిపిస్తాయి. చూడండి, కానీ పట్టుకుని డబ్బాలో వేయకండి. పుట్టగొడుగులు కనిపిస్తే చూసి వదిలేయండి. ఊళ్ళోవాళ్ళు చూపించి తినమంటే తప్ప నోట్లో పెట్టుకోవద్దు.

ఉరుములు మొదలైతే ఈ ఆనందం అంతా పక్కన పెట్టాలి. మెరుపు చూడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ఒకటి, రెండు, మూడు. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు లెక్క. ముప్ఫై లోపే ఉరుము వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. టెంటు పిడుగుని ఆపదు. లేచి పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్ళిపోండి. చివరి ఉరుము విన్నాక అరగంట అక్కడే ఉండండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళు చేసిన ‘దామిని’ అనే యాప్ ఉంది. చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. సిగ్నల్ ఉన్నప్పుడు చూసుకోండి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఒక కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళండి. ఎక్కడ ఉంటాను, ఎప్పుడు బయలుదేరతాను, ఎన్ని గంటలకల్లా ఫోను చేస్తాను. ఆ వేళ దాటి మూడు గంటలైనా కబురు లేకపోతే ఎవరికి చెప్పాలి. నోటితో చెబితే మర్చిపోతారు. కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. కొండల్లో ఫోను మాట్లాడటానికి సిగ్నల్ చాలకపోయినా, ఒక్కోసారి ఎస్సెమ్మెస్ మాత్రం వెళ్తుంది. అది ప్రయత్నించండి.

వణుకు తగ్గడం లేదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు సహకరించడం లేదు. మాట ముద్దగా వస్తోంది. అలాంటప్పుడు ఆలోచించకుండా పొడి జత వేసుకుని, వేడిగా ఏదైనా తాగి, దగ్గర్లో ఉన్న ఇంటి తలుపు తట్టండి. 108కి ఫోను చేయించండి. మొహమాటం వద్దు. అలాగే, ఏ ప్రమాదమూ లేకుండా ఊరికే విసుగొచ్చినా సరే, మూట కట్టుకుని ఇంటికి వచ్చేయొచ్చు. ‘రెండు రాత్రులని చెప్పి ఒక రాత్రికే వచ్చేశాడు’ అని ఎవరైనా అంటే అననివ్వండి. వాళ్ళు వచ్చి పడుకోలేదుగా.

ఇంటికి రాగానే చాలామంది స్నానం చేసి పడుకుంటారు. ఒక పని మిగిలే ఉంది. తడి టెంటుని మడత విప్పకుండా అటక మీద పడేస్తే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. ఆ నల్ల మచ్చలు ఇక పోవు. కుట్ల మీద వేసిన పూత ఊడిపోతుంది. మళ్ళీసారి నిజంగానే కారుతుంది. ఎండ ఉంటే డాబా మీద ఒక పూట, నీడపట్టున. ఎండ లేకపోతే హాల్లో నాలుగు కుర్చీల మీద పరిచి ఫ్యాను వేయండి. అడుగు భాగం, మూలలు, తాళ్ళు కూడా ఆరాలి. చేత్తో తడిమి చూడండి. సంచిలో మిగిలిన ఇసుక ఇల్లంతా రాలుతుంది. ఇంట్లోవాళ్ళు రెండు రోజులు గొణుగుతారు. టీవీ చూడటానికి దారి లేదంటారు. ఆరేదాకా తీయకండి.